నజరే: కెరటము నేర్పిన వంట

ఉదయము పది గంటలు కావచ్చినది. అట్లాంటిక్ మహాసముద్రము మీది మంచు ఇంకను పూర్తిగా విడలేదు గాని, ఇసుక మీద వరుసలు దీర్చి వాల్చిన కొయ్యచట్రముల మీదికి ఎండ అప్పుడే దిగినది. ప్రతి చట్రమునకును సన్నని వల యొకటి బిగించియున్నది. ఆ వలల మీద, నిలువునా చీల్చి, కడుపులోనిది తీసి, ఉప్పునీట ముంచి, తెఱచిన పుస్తకములవలె పఱచిన చేపలు వెండిరంగున మెఱయుచున్నవి. వాని నడుమ ఒక వృద్ధస్త్రీ మెల్లగా నడచుచు, ఒక్కొక్క చేపను వ్రేలికొనతో తాకి చూచి, కొన్నింటిని తిరుగవేయుచు, కొన్నింటిని అట్లే విడుచుచు పోవుచున్నది. తలపై నల్లని గుడ్డ, మోకాళ్ళ దాక వచ్చిన పావడాలు, వాని మీద పూలకుట్టు ఏప్రన్. నేను చూచుచు నిలిచియుండుట గమనించి, ఎండిన చేప నొకదానిని తీసి, చేతితోనే చీల్చి, ఒక పీలిక నా అరచేత బెట్టి "ప్రోవ్, ప్రోవ్" అన్నది.

తిని చూడుమని ఆ మాటకు అర్థము. అర్థము చెప్పువారు లేకున్నను ఆ చేయి చాచిన తీరే చాలియుండెడిది. కాకినాడ దాపున, ఉప్పాడ తీరమున, మా అమ్మమ్మ యింటి పెరటిలో ఎండుచేపలను తిరుగవేయుచు, పక్కకు వచ్చి నిలుచున్న పిల్లవానికి ఒక తునక తుంచి పెట్టిన చేయియు ఇట్లే చాచబడెడిది. ఉప్పు, ఎండ, గాలి, వీని మూడింటి రుచియే నోట నిండినది. ఏడు సముద్రముల కావల, భాష తెలియని ఊరిలో, నాకు మొదట పరిచయమైనది ఆ రుచి.

ఈ ఊరు నజరే. పోర్చుగల్ దేశపు పడమటి తీరమున, రాజధానియగు లిస్బన్ నగరమునకు ఉత్తరముగా సుమారు 120 కిలోమీటర్ల దూరమున నున్నది. కొండ మీద సీతియు, కొండ కింద సముద్రపు ఒడ్డున ప్రాయ, లోపలి గుట్ట మీద పాత పెదర్‌నెయ్‌ర అని మూడు పేటలుగా విస్తరించిన బెస్తవారి పట్టణము. శీతకాలము వచ్చినదనగానే ప్రపంచమంతయు దీని పేరు తలచుకొనును. మన చేతిఫోనులలోను ఏటేటా ఆ దృశ్యమే తిరుగుచుండును: కొండకొమ్మున ఎఱ్ఱని దీపస్తంభము, దాని మీద చీమలవలె జనము, వారి వెనుక ఆకాశమును కప్పుచు లేచిన కెరటము, ఆ కెరటపు గోడ మీద గీతవలె జారుచున్న ఒక్క మనుష్యుడు. ఐరోపా యాత్రకు పోవు మన తెలుగువారిలో ఈ దృశ్యమును చూచి వచ్చుటకు నజరేను తమ పట్టికలో చేర్చుకొనువారు నా యెఱుకలోనే పలువురు కలరు. లిస్బన్ నుండి బస్సులో వచ్చి, దీపస్తంభము కడ ఫోటోలు తీసికొని, రెండు గంటలలో తిరిగి పోవువారే అధికము. పెట్టెలోని పులిహోర పొట్లమును బస్సులోనే విప్పుకొని తిని పోయినవారిని నేను చూచితిని. వారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. కాని ఆ కెరటమునకును, ఒడ్డున ఆరుచున్న ఆ చేపకును ఉన్న బంధుత్వము తెలియక వెడలినచో, చూడవచ్చిన కెరటమును సైతము పూర్తిగా చూడనట్లే యగును.

లోయ ఇచ్చినది, లోయ తీసికొన్నది

నజరే ఎదుట సముద్రగర్భమున ఒక మహాలోయ కలదు. ఐరోపా తీరములందలి సముద్రపు లోయలలో మిక్కిలి పెద్దవానిలో నిది యొకటి. 200 కిలోమీటర్లకు పైగా పొడవున, కడపట సుమారు 5,000 మీటర్ల లోతునకు దిగిపోవు ఈ అగాధము యొక్క మొదలు, ఆశ్చర్యకరముగా, ఊరి ఒడ్డునకు ఒక కిలోమీటరు లోపుననే యున్నది. ఎక్కడో ఉత్తర అట్లాంటిక్ తుఫానులలో పుట్టిన కెరటము తీరమునకు వచ్చునప్పుడు, లోతు తక్కువైన చోట నేల తగిలి వేగము తగ్గును; లోయ మీదుగా వచ్చిన భాగమునకు నేల తగలదు గనుక వేగము తగ్గదు. ఆ రెండు భాగములును వంపు తిరిగి సీతియు కొండకు ఉత్తరముననున్న ప్రాయ దు నోర్త్ అను ఇసుకతీరము కడ ఒకదాని మీద ఒకటి పడి, ఒక్కటై పైకి లేచును. ఊరి ముందటి రేవు మాత్రము కొండ చాటున ఉండుటచేత కొంత నెమ్మదిగా నుండును. ఒకే కొండకు ఒక పక్క ప్రళయము, ఒక పక్క పిల్లలు ఆడుకొను ఇసుక.

ఆ లోయయే ఊరికి అన్నము పెట్టినది కూడ. వేసవిలో ఉత్తరపు గాలి వీచునప్పుడు పోర్చుగల్ తీరమంతట అడుగుననున్న చల్లని, సారవంతమైన నీరు పైకి వచ్చును. లోయ ఒడ్డు దాక వచ్చి యుండుటచేత ఇక్కడ ఆ సంపద చేతికందునంత దగ్గఱకు చేరును. సర్దీన్య అను కవ్వలజాతి చేపలు, కరపావు అను పారజాతి చేపలు వేసవి పొడుగునను గుంపులుగా వచ్చును. పడవ మీద వలను సముద్రములోనికి కొనిపోయి, అర్ధచంద్రాకారముగా విడిచి, రెండు కొసలను ఒడ్డు నుండి జనమంతయు కలిసి లాగు పద్ధతి ఇక్కడ 'ఆర్త్ షావెగ' యనబడును. మన తీరమున అలివి వల లాగుట చూచినవారికి దీనిని వివరింప పనిలేదు.

అయితే శీతకాలము వచ్చినదా, లోయ ఇచ్చిన చేతితోనే తీసికొనుటకు మొదలుపెట్టెడిది. 1980వ దశకము దాక నజరేకు సరియైన ఓడరేవు లేదు. ముక్కు ఎత్తుగా లేచి, ఇరుపక్కల కన్నులు చిత్రించిన చదునడుగు పడవలను కెరటముల నడుమనుండి తిన్నగా ఇసుక మీదికే తోలుకొని రావలసియుండెను. ఒడ్డు తాకిన పడవను ఎద్దులు లాగి పైకి చేర్చెడివి. కెరటము ఒక్క క్షణము ముందుగా విరిగినచో పడవ తలక్రిందులగును. ఒడ్డున నిలిచి చూచుచున్న భార్య కన్నుల యెదుటనే, కేక వినబడునంత దూరముననే, భర్త మునిగిపోయెడివాడు. ఆ భయమున అక్టోబరు మొదలు మార్చి వఱకు పెక్కు దినములు పడవలు ఇసుక మీదనే యుండెడివి; పడవ కదలని ఇంట పొయ్యి రాజదు. నేడు మనము డబ్బిచ్చి చూడబోవు ఆ కెరటము, మొన్నటి దాక ఈ ఊరి పిల్లల ఆకలికి పేరు.

ఆ ఆకలికి ఊరి స్త్రీలు కనిపెట్టిన సమాధానమే నేను చట్రముల మీద చూచిన చేప. వేసవిలో మిక్కుటముగా దొరికిన దానిని ఎండబెట్టి, శీతకాలపు మూసిన తలుపుల వెనుక తినుటకు దాచుకొనిరి. రుచి కొఱకు పుట్టిన వంటకము కాదిది. బ్రతుకుట కొఱకు పుట్టినది, తరతరముల చేతులలో పడి రుచియైనది.

> కెరటము: కొన్ని లెక్కలు
>
> నజరే వారి ఆహ్వానము మీద 2010లో వచ్చిన హవాయి వాసి గ్యారెట్ మెక్‌నమారా, 2011 నవంబరులో 78 అడుగుల కెరటము మీద జారి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఊరి పేరు లోకమున కెక్కినది అప్పుడే.
>
> బ్రెజిల్ వనిత మయా గబేయ్‌రా 2013లో ఇక్కడనే మునిగి ప్రాణాపాయము నుండి బయటపడినది. ఆమె తిరిగి వచ్చి 2020 ఫిబ్రవరిలో 73.5 అడుగుల కెరటముపై స్త్రీలలో రికార్డు సాధించినది.
>
> జర్మనీకి చెందిన సెబాస్టియన్ స్టాయిట్‌నర్ 2020 అక్టోబరు 29న ఎక్కిన కెరటపు ఎత్తు 86 అడుగులు, అనగా 26.21 మీటర్లు.
>
> పెనుకెరటముల కాలము అక్టోబరు నుండి మార్చి వఱకు. వేసవిలో వెళ్ళినవారికి అవి కనబడవు. చేపలారబెట్టు స్త్రీలు కనబడుదురు.

ఏడు పావడాల కథ

నేను దిగిన అద్దెగది యజమానురాలికి ఇంగ్లీషు వచ్చిన కుమార్తె యొకతె కలదు. మఱునాడు ఆమెను వెంటబెట్టుకొని ఆ వృద్ధస్త్రీ కడకే తిరిగి వెళ్ళితిని. ఆ పిల్ల ఆమెను 'తీ' అని పిలిచినది. 'తీ' యనగా అత్త, పిన్ని; బంధుత్వమున్నను లేకున్నను ఈ బెస్తవారి పేటలలో పెద్ద స్త్రీలను వరుసతో పిలుచుట ఆచారము. వరుస పెట్టి పిలువక నోరు విప్పలేని మన పల్లెలు గుర్తునకు వచ్చి నా మనస్సు కుదుటబడినది.

చేప ఎన్నాళ్ళు ఎండవలెనని అడిగించితిని. "ఎండ కాదు నాయనా, గాలి చూడాలి. ఎండ ఎక్కువైతే పైన గట్టిపడి లోపల పాడవుతుంది. గాలి ఉంటే రెండు మూడు రోజులు చాలు," అని ఆమె చెప్పినట్లు ఆ పిల్ల చెప్పినది. ఒక్క దినము మాత్రమే ఆరిన కరపావునకు వేఱుగా పేరున్నది. దానిని నిప్పుల మీద కాల్చియో, ఉడికించియో, బంగాళాదుంపలతో, వెల్లుల్లితో, ఆలివు నూనెతో తిందురు. పూర్తిగా ఎండినదానిని పీలికలుగా చీల్చి నూనె చిలుకరించుకొని తినుటయే. రెండింటి నడుమ భేదమును వ్రేలితో తాకి చెప్పుటకు ఎన్నేండ్లు పట్టునని అడిగితిని. ఆమె నవ్వి, తన తల్లి దగ్గఱ తొమ్మిదవ యేట మొదలుపెట్టితినని మాత్రము చెప్పినది.

నజరే స్త్రీల వేషమును గూర్చి చెప్పకుండుట సాధ్యము కాదు. పండుగ దినములలోను, సీతియు కూడలిలో బాదములు, ఎండు అత్తిపండ్లు అమ్ముకొను స్త్రీల ఒంటి మీదను ఒకదానిపై నొకటిగా ఏడు పావడాలు కనబడును. ఏడు ఎందుకనగా చెప్పువారిని బట్టి కారణములు మాఱుచుండును. వారమునకు ఏడు దినములు గనుక అని కొందఱు. కెరటములు ఏడేసిగా వచ్చి, ఏడవది విరిగిన పిమ్మట సముద్రము క్షణకాలము శాంతించును గనుక, పడవ ఒడ్డునకు చేరదగిన ఆ క్షణము కొఱకు లెక్క పెట్టుకొనుటకని కొందఱు. నాకు మిక్కిలి నిజమనిపించినది వేఱొకటి: తెల్లవాఱుజామున చలిగాలిలో ఇసుక మీద కూర్చుండి భర్తల పడవల కొఱకు ఎదురుచూచు స్త్రీలు, కొన్ని పావడాలను పైకెత్తి తలకును భుజములకును కప్పుకొని, మిగిలినవానితో కాళ్ళను కప్పుకొనెడివారట. అలంకారమని మనము ఫోటో తీయునది, నిరీక్షణకు కట్టుకొన్న గుడ్డ. భర్త తిరిగి రానినాడు ఆ రంగులన్నియు పోయి, జీవితాంతము నలుపే మిగిలెడిది.

ఈ ఒడ్డును, ఈ నలుపును లోకము ముందే చూచినది. లెయ్‌తావ్ ద్ బారుష్ అను దర్శకుడు 1930లో 'మరీయ దు మార్' అను చిత్రమును ఈ బెస్తవారి నడుమనే తీసెను. పిదప మహాదర్శకుడైన స్టాన్లీ కూబ్రిక్, ఇరువదియేండ్ల యువకుడుగా ఒక అమెరికన్ పత్రికకు ఫోటోగ్రాఫరై యున్నప్పుడు, 1948లో ఇక్కడికి వచ్చి చిత్రములు తీసెను. 1955లో ఫ్రెంచి ఫోటోగ్రాఫరు ఆన్రీ కార్తియే బ్రెసాఁ వచ్చెను. ఆ చిత్రములలోని స్త్రీల కన్నులు కెమెరా వైపు కాక సముద్రము వైపు చూచుచుండును.

గరిటె పెట్టరాని కూర

సముద్రపు వీథికి వెనుక, ఇద్దఱు పక్కపక్కన నడువలేని సందులలో, మిద్దెల నడుమ ఆరవేసిన బట్టల కింద, చిన్నచిన్న భోజనశాలలు కలవు. ఒడ్డున వరుసగా నున్న పెద్ద హోటళ్ళ వాకిట బొమ్మలతో కూడిన పట్టికలు పట్టుకొని పిలుచువారుందురు. ఈ సందులలో పిలువరు. మధ్యాహ్నము పన్నెండున్నరకు బొగ్గులు రాజుకొని, చేప కాలిన వాసన సందు మలుపు దాక వచ్చి అదియే పిలుచును. నేను ప్రవేశించినచోట ఆరే బల్లలు. వంట భార్యది, వడ్డన భర్తది. పక్క బల్ల మీద రేవు నుండి వచ్చిన నలుగురు పనివారు మాటాడక తినుచుండిరి. ఏది బాగుండునని అడిగినచో భర్త నన్ను లోపలికి కొనిపోయి, ఆనాటి చేపలను చూపి, ఏదో యొకటి నన్నే ఎన్నుకొనుమనెను.

నేను కోరినది 'కల్దెయ్‌రాద'. బెస్తవారు పడవ మీదనే, అమ్ముడుపోని చేపలతో వండుకొన్న కూర యిది. లోతైన గిన్నెలో అడుగున ఉల్లిచక్రములు, వాని మీద టొమాటోలు, బంగాళాదుంపలు, కూరమిరప, వాని మీద నాలుగైదు రకముల చేపముక్కలు, మరల ఉల్లి, మరల దుంపలు. ఇట్లు పొరలుపొరలుగా పేర్చి, ఆలివు నూనెయు తెల్ల ద్రాక్షసారాయమును పోసి, మూతవేసి సన్నని సెగ మీద నుంచుదురు. ముఖ్యమైన నియమ మొక్కటే: గరిటె పెట్టరాదు. చేప విరుగును. రెండు చెవులను గుడ్డతో పట్టుకొని గిన్నెనే కుదుపవలెను. వంటయింటి గడప కడ నిలిచి ఆ యిల్లాలు గిన్నెను పట్టి కుదుపుట చూచినప్పుడు నేను కదలలేకపోయితిని. మన గోదావరి యిండ్లలో చేపల పులుసు గిన్నెను పట్టుకొని కుదుపునది ఈ చేతితీరే. ఒకరి నుండి ఒకరు నేర్చుకొన్నది కాదు. మెత్తని చేపయే ఇరుతీరముల స్త్రీలకును నేర్పిన విద్య.

మన నాలుకకు ఈ దేశము ఎంత దగ్గఱయో బల్ల కడ కూర్చుండువఱకు నేను ఊహింపలేదు. ఐరోపాలో అన్నము నింతగా తిను జాతి మఱియొకటి లేదు. రొయ్యలు, ఆల్చిప్పలు, పీతలు వేసి పులుసుపులుసుగా, చెంచాతో తినునట్లు వండు 'అర్రోజ్ ద్ మరీష్కు' మట్టిగిన్నెలో ఉడుకుచుండగనే బల్ల మీదికి వచ్చును. దించునప్పుడు దాని మీద పచ్చికొత్తిమీర విరివిగా చల్లుదురు. ఐరోపా వంటలలో కొత్తిమీరాకు నిట్లు ప్రేమించినవారు అరుదు. ఎన్నో దినములుగా వెన్నవాసనకు అలసిన నా ప్రాణము, మూత తీసినప్పుడు లేచిన ఆ కొత్తిమీర ఆవిరికి లేచి కూర్చున్నది.

ఇక సర్దీన్య. వేసవిలో, ముఖ్యముగా జూన్ మొదలు, దీనికి క్రొవ్వు పట్టును. రాతి యుప్పు చల్లి, పొట్ట తీయకయే, బొగ్గుల మీద కాల్చి తెత్తురు. పళ్ళెము వలదు, మొక్కజొన్న కలిపిన రొట్టెముక్క మీద చేప నుంచుకొని, ఫోర్కును పక్కకు నెట్టి, వ్రేళ్ళతో ముల్లు తీసి తినవలెను. మూడు నాలుగు చేపలు ముగియునప్పటికి వాని నూనె యంతయు కింది రొట్టెలోనికి దిగియుండును. ఆ రొట్టెను కడపట తినుటయే విందునకు ఫలశ్రుతి.

కారము కావలెనని అడిగినచో చిన్న సీసా తెచ్చి పెట్టిరి. పేరు పిరిపిరి, నూనెలో నానిన మిరప. దానిని చూచి కొంతసేపు చేయి చాచలేదు. మిరియముల కొఱకు సముద్రము దాటి మన దేశమునకు వచ్చినవారు ఈ పోర్చుగీసువారు. అమెరికా ఖండమున పుట్టిన మిరపను పదునాఱవ శతాబ్దమున మన ఒడ్డున దించినవారును వారే. మిరియము పోలిక మీదనే మనము మిరపకు పేరు పెట్టుకొంటిమి. నేడు గుంటూరు పేరు చెప్పినచో లోకమునకు తోచునది అదియే. ఆ రాకతోనే గోవాలో జరిగిన బలాత్కారములను, సముద్రముల మీద జరిగిన దోపిడిని చరిత్ర మఱువదు, మఱువరాదు కూడ. కాని ఆ ఓడలలో తెడ్డు వేసినవాడును, తెరచాప కట్టినవాడును ఇట్టి బెస్తపేటల బీదవాడే యనునదియు చరిత్రయే.

> మన యింటిలోని పోర్చుగీసు మాటలు
>
> వారి 'తుఆల్య' మన తువ్వాలు. వారి 'అర్మారియు' మన అల్మారా. 'అననాష్' మన అనాస, 'పపాయ' మన బొప్పాయి, 'పీప' మన పీపా.
>
> పడవ నడుపు నాయకుని నజరేలో 'మెష్త్ర్' అందురు. మన యిండ్లు కట్టు మేస్త్రీ ఆ మాటయే.
>
> రొట్టెకు వారి పేరు 'పావ్'. బొంబాయి మీదుగా మన వీథులకు వచ్చిన పావుభాజీలోని పావు ఇదే.
>
> చేపలు అమ్ముచోటు 'లోట'. అక్కడి వేలంపాట 'లైలావ్' నుండియే హిందీ నీలాం, మలయాళపు లేలం పుట్టినవి. మన పాటలో ధర పైకి పోవును. వారి లోటలో పై ధర నుండి కిందికి దిగివచ్చుచుండగా ముందుగా ఆపినవానిది సరుకు.

కొండ మీది తల్లి

ఒడ్డు నుండి సీతియు కొండకు 1889లో వేసిన తీగబండి నేటికిని నడచుచున్నది. లిస్బన్ నగరపు ప్రసిద్ధమైన ఎత్తుయంత్రములను నిర్మించిన రవూల్ మెస్నియే దు పోంసార్ దీనిని రూపొందించెను. దానిలో నా పక్కన కూర్చున్నవారిలో యాత్రికులకన్న సంచులతో పోవు ఊరివారే యెక్కువ. పైన 110 మీటర్ల నిట్టనిలువు కొండకొమ్మున నిలిచి చూచినచో ఎఱ్ఱపెంకుల ఇండ్లు, వంపు తిరిగిన ఇసుక, దాని మీద చిన్న చతురస్రములుగా చేపల చట్రములు.

ఆ కొమ్మునకు ఒక పురాణము కలదు. 1182వ సంవత్సరమున, సెప్టెంబరు మాసమున, దోం ఫూవష్ రుపీన్యు అను దొర మంచులో ఒక లేడిని తఱుముచు గుఱ్ఱముపై వచ్చి, లేడి అగాధములోనికి దుమికిన తావున, మరియమాతను తలచుకొనగా గుఱ్ఱము కొండ యంచున నిలిచిపోయెనట. అక్కడ కట్టిన చిన్న గుడి నీలిరంగు పలకలతో నేటికిని యున్నది. ఆ తల్లి విగ్రహము పాలస్తీనాలోని నజరేతు నుండి వచ్చినదను నమ్మకము వలననే ఊరికీ పేరు. చిన్న విగ్రహము, నల్లని ముఖము. మన దేశమునకు సముద్రమార్గము కనిపెట్టిన వాస్కో డ గామా కూడ ఈ తల్లిని దర్శించెనని స్థానికుల కథనము. సెప్టెంబరు 8న ఇక్కడ ఉత్సవము. మే నెలారంభమున బెస్తవారి పండుగనాడు పడవలన్నియు పూలతో, జెండాలతో సముద్రమున ఊరేగును. తిరిగిరానివారిని అప్పుడు తలచుకొందురు.

తీపి తినదలచినవారు 13 కిలోమీటర్ల లోపల నున్న అల్కుబాసకు పోవలెను. 1153లో స్థాపితమైన అక్కడి మఠము చుట్టును మిఠాయి అంగళ్ళే. పోర్చుగల్ మఠములలో గ్రుడ్డులోని తెల్లసొనను వస్త్రములకు గంజిగా వాడగా మిగిలిన పచ్చసొనయే ఈ తీపి వంటలకు మూలమని అందురు. దాపుననే యున్న అల్ఫైజెరావ్ అను ఊరి 'పావ్ ద్ లో' కేకు నడుమ భాగము పూర్తిగా ఉడుకక, తేనెవలె జాలువాఱుచుండును. మొదటిసారి చూచి కాలలేదని వెనుకకు పంపకుడు.

చట్రములు తగ్గుచున్నవి

1980వ దశకమున రేవు కట్టిన పిదప పడవ తలక్రిందులగు భయము చాలవఱకు తీరినది. ఎద్దులు పోయినవి. శీతకాలమున తలుపులు మూసుకొనిన హోటళ్ళు కెరటము పుణ్యమా యని ఇప్పుడు తెఱచియుండుచున్నవి. తాతను మ్రింగిన కెరటము మనుమనికి జీతమిచ్చుచున్నది. ఇది మేలే. రాజు సెబాస్తియావ్ కాలమున, 1577లో మొదలైన కోటలో, 1903 నాటి దీపస్తంభము కింద, నేడు కెరటవీరుల పలకలను ప్రదర్శించుచున్నారు. ఊరివారికి దానిపై గర్వము కలదు, ఉండవలసినదే.

కాని కెరటము పేరు పెరిగిన కొలది ఒడ్డున మిద్దెల అద్దెలు పెరుగును, ఇండ్లు విడిది గదులగును, బెస్తవారి పిల్లలు ఇతర వృత్తులకు పోవుదురు. వారిని ఉండుమని చెప్పు అధికారము మనకు లేదు. ఎండుచేపకొక చిన్న ప్రదర్శనశాలను సైతము ఒడ్డుననే నెలకొల్పిరి. అది మంచిదే గాని, ప్రదర్శనశాలలోని చేపను ఎవరును తినరు. నేను మాటాడిన 'తీ' కుమార్తె లిస్బన్‌లో నౌకరీ చేయుచున్నది. "నా తర్వాత ఈ చట్రాలు ఎవరు తిప్పుతారో ఆ తల్లికే తెలుసు," అని ఆమె కొండ వైపు చూచినది. యాత్రికుడు దీనిని మార్చలేడు. కాని ఎండుచేపల పొట్లము కొనువాడున్నంతకాలము చట్రము వాల్చు చేయి ఉండునని ఆమె మాటలలోనే నాకు తెలిసినది: ఆ దినమున ఆమె అమ్మినది పదునాలుగు పొట్లములు, ఫోటో తీసికొని పోయినవారు లెక్కకు మించినవారు.

> బల్ల కడ కూర్చుండువారికి
>
> అడుగకయే రొట్టె, ఆలివులు, జున్ను తెచ్చి పెట్టుదురు. దానిని 'కువేర్' అందురు. తాకినచో ధర చెల్లించవలెను, వలదన్నచో మర్యాదకు భంగము లేదు.
>
> 'ప్రాతు దు దీయ' అనగా ఆనాటి వంటకము. పనివారు తినునది అదే, ధరయు తక్కువ.
>
> శాకాహారులకు కూరగాయల సూపు ఎక్కడను దొరకును. ఆకుకూరతో చేయు 'కాల్దు వేర్ద్'లో పంది సాసేజి ముక్క వేయుట వాడుక. వలదని ముందే చెప్పవలెను.
>
> కృతజ్ఞత చెప్పునప్పుడు పురుషుడు 'ఒబ్రిగాదు', స్త్రీ 'ఒబ్రిగాద' అనవలెను.

నజరేకు పోవువారికి నా విన్నపము ఒక్కటి. రెండు గంటలకు బదులు రెండు దినములు కేటాయింపుడు. శీతకాలమున పోయినచో దీపస్తంభము నుండి దిగి వచ్చి సందులోని ఆరు బల్లల భోజనశాలలో కల్దెయ్‌రాద తినుడు. అది ఉడుకుటకు ముప్పావుగంట పట్టును, తొందరపెట్టకుడు. వేసవిలో పోయినచో ఉదయము పది గంటలకు ఒడ్డునకు నడచి, చట్రముల కడ నిలువుడు. "ప్రోవ్" అని చేయి చాచినచో వెనుకాడక తీసికొనుడు. ఫోటో తీయుటకు ముందు ఒక పొట్లము కొనుడు.